సున్నా చుట్టిన ఇల్లు

1963 ఏప్రిల్ 3

ఇవాళ బ్లాకు ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. కబురు రాగానే నాకు అనుమానం వేసింది. నన్ను మంచికి పిలిచినవాడు ఈ ఆగిరిపల్లిలో ఇంతవరకూ లేడు.

బి.డి.ఓ. నారాయణరావుగారు కుర్చీ చూపించారు. అది రెండో అనుమానం. కూర్చున్నాక సంగతి చెప్పారు. డెన్మార్కు అనే దేశం నుంచి ఒకావిడ వచ్చిందట, పేరు మిస్ ఇంగర్. మామిడితోటల్లో కాపలా ఉండే కూలీల పిల్లల్లో జ్వరాలొచ్చి కాళ్ళు పడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారని విని, జీతం భత్యం లేకుండా వాళ్ళకి వ్యాయామాలు చేయించి, కాళ్ళకి బద్దలు కట్టి నిలబెట్టడానికి వచ్చిందట. ఆవిడకి తెలుగు రాదు. హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరుని గనక సాయంత్రాలు నేను వెంట తిరిగి దుబాసీ పని చెయ్యాలి. సెలవులిచ్చాక పూర్తిగా.

"అసలు ఎందుకు వచ్చిందండీ?" అన్నాను.

"సేవ చెయ్యడానికి."

"అదే, ఎందుకు?"

నారాయణరావుగారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "భానుమూర్తిగారూ, మీరు ఆవిడ మాట తెలుగులో చెప్పండి, వీళ్ళ మాట ఇంగ్లీషులో చెప్పండి. మిగతాది గవర్నమెంటు చూసుకుంటుంది."

గవర్నమెంటు చూసుకునే మాటైతే చైనావాడు సరిహద్దు దాటేదాకా ఏం చేసినట్టు? ఎమర్జెన్సీ ఇంకా అలాగే ఉంది. ఇలాంటప్పుడు ఎవరో పరాయిదేశపు మనిషి ఊరికే వచ్చి ఊరికే పనిచేస్తానంటే నమ్మడానికి నేను చిన్నపిల్లాణ్ణి కాను.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ సౌభాగ్యం బియ్యం ఏరుతున్నదల్లా ఆపి, "కాళ్ళు పడిపోయిన పిల్లలకా?" అంది. అవునన్నాను. మళ్ళీ అదే అడిగింది. కూలీల పిల్లలకి, మనకేం సంబంధం అన్నాను.

మా శకుంతల సంగతి వేరు. ఏలూరులో ఉండగా మూడో ఏట జ్వరం వచ్చింది, ఎడమకాలు కొంచెం బలహీనపడింది. అంతే. ఇప్పుడు ఏడేళ్ళు. కాస్త ఒళ్ళు చేస్తే తనే లేచి నడుస్తుంది. అందాకా నలుగురి కళ్ళలో పడెయ్యడం ఎందుకని గదిలో ఉంచుతున్నాం. ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది. మాకు ఒక పిల్ల ఉందని తెలుసుగాని, కాలు సంగతి ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 5

చూశాను. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళి కాలేదు. ఎర్రటి మొహం, మగవాళ్ళ చెప్పులు, సైకిలు. ఊరి మధ్యలోంచి సైకిలు తొక్కుకుంటూ పోతుంది, వెనకాల నేను. పిల్లలు నా వెంట కూడా పరిగెత్తారు. వాళ్ళలో ఇద్దరు నా క్లాసువాళ్ళే. పేర్లు గుర్తుపెట్టుకున్నాను.

కాని అసలు సంగతి అది కాదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు!

'ఐ ఈజ్' అంది. మూడుసార్లు అంది. నా థర్డుఫారం కుర్రాడు ఆ ముక్క అంటే బెంచీ ఎక్కిస్తాను. నిన్నటి సంగతి చెప్పాలన్నా రేపటి సంగతి చెప్పాలన్నా ఒకే క్రియ వాడుతుంది. ఇదేమిటని మర్యాదగానే అడిగితే, వాళ్ళ దేశంలో మాట్లాడేది ఇంగ్లీషు కాదుట, వేరే భాషట. తెల్లవాళ్ళకి వేరే భాష ఎందుకు? ఇరవయ్యేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, దొరసానికి ఇంగ్లీషు రాకపోవడం ఎక్కడా వినలేదు. ఈవిడ నిజంగా ఎవరు?

ఏప్రిల్ 9

ఇవాళ కూడా 'ఐ ఈజ్'.

ఏప్రిల్ 14

నూజివీడు రోడ్డులో బసవపున్నారావు కౌలుకి పట్టిన తోటకి వెళ్ళాం. పూత మీదే కాపంతా కొనేశాడు. ఇప్పుడు కాయ పిడికిలంత అయింది. చిలకలు దిగే రోజులు.

తోట మధ్య ఒక ఎత్తు మంచె. దాని మీద ఎనిమిదేళ్ళ పిల్ల, దుర్గ. కాపలాదారు వీరయ్య కూతురు. చేతిలో కిరసనాయిలు డబ్బా, ఒక కర్ర. చిలకల గుంపు వాలబోతే దడదడా వాయిస్తుంది. పిల్లకి కుడికాలు పనిచెయ్యదు. మోకాలు మడిచి పెట్టినట్టుగా బిగుసుకుపోయింది.

"పొద్దున్నే గంజి తాగించి ఎక్కిస్తానండి. మళ్ళీ పొద్దుగూకాక దించుకుంటా," అంది తల్లి రమణమ్మ. "దీనికి చిలకలంటే ఎంత కోపమో చూడండి! ఒక్క కాయ కొట్టనియ్యదు."

దుర్గ పైనుంచి గర్వంగా చూసింది.

బసవపున్నారావు అక్కడే ఉన్నాడు. నన్ను పక్కకి పిలిచి నవ్వుతూ చెప్పాడు. "కాళ్ళున్న పిల్లని ఎక్కిస్తే దిగి ఆడుకోడానికి పారిపోద్ది మేష్టారూ. ఇదైతే దిగలేదు. అందుకే ఈ చుట్టుపక్కల తోటలోళ్ళంతా ఇట్టాంటి పిల్లలున్న కుటుంబాన్నే కాపలాకి ఎతుకుతారు. గుడిసె ఇస్తాం, గింజలు కొలుస్తాం. ఇప్పుడీ దొరసానమ్మ వచ్చి ఈళ్ళందర్నీ నడిపిచ్చేస్తానంటే మా గతేంటి?"

మనిషి మాట నాకు నచ్చలేదు. కాని నా పాత ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. తనకి లాభం లేని పని ఎవరైనా ఎందుకు చేస్తారు?

మిస్ ఇంగర్ మంచె ఎక్కి దుర్గ మోకాలు అటూ ఇటూ కదిపి చూసింది. దిగాక ఏదో చెప్పింది. నేను తెలుగు చేశాను: జ్వరం కాలిలో బలం తీసేసింది గాని, మోకాలు ఇలా వంచింది జ్వరం కాదు, రోజంతా కూర్చోబెట్టడం. ఇంకో రెండేళ్ళు ఇలాగే కూర్చుంటే ఎవరూ తిన్నగా చెయ్యలేరు.

రమణమ్మ ఏడ్చింది. తెలుగు చేసింది నేను గనక నన్ను తిట్టినట్టు చూసింది.

ఇంటికొచ్చేసరికి శకుంతల కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. కూర్చుంటే తప్పేముంది, గాలి తగులుతుంది.

ఏప్రిల్ 20

పాత న్యూస్‌పేపర్లు పరిచి పిల్లల పాదాలు వాటి మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీస్తోంది. టేపుతో తొడ, పిక్క, మడమ కొలిచి నోటుబుక్కులో రాస్తోంది. వడ్రంగి అప్పారావు చేత టేకుబద్దలు చేయించడానికట. సరే. కాని అప్పారావు అడిగింది కాలి పొడవు ఒక్కటే. మరి ఈ అంకెలన్నీ ఎవరికోసం?

"కొలతలు ఓడమీద ఆళ్ళ దేశం పోతయ్యంట మేష్టారూ," అన్నాడు బసవపున్నారావు. "ఇంగ్లీషొచ్చినోరు మీరొక్కరే. మీరే కనిపెట్టాల."

ఊళ్ళో నా చదువుకి విలువిచ్చిన మనిషి ఇన్నాళ్ళకి ఒకడు కనబడ్డాడు.

ఏప్రిల్ 22

పేపర్లు దిద్దడానికి రేపు బెజవాడ ప్రయాణం. పదిరోజులు. దొరసానికి రెండు డజన్ల తెలుగు మాటలు రాసిచ్చాను. "నొప్పా?" "కొంచెం ఓర్చుకో." "బాగా చేశావు." మూడోది అడిగి మరీ రాయించుకుంది.

మే 4

నిన్న వచ్చాను. ఇంట్లో ఏదో తేడాగా ఉంది.

ఒకటి: చలికాలంలో కప్పుకునే ఉన్ని కంబళి అంచు రెండు జానలు కోసేసి ఉంది. ఏమిటని అడిగితే సౌభాగ్యం ఎలుకలు కొరికాయంది. ఎలుకలు కత్తెరతో కొరకవు.

రెండు: వంటింట్లో మధ్యాహ్నంపూట కూడా వేణ్ణీళ్ళ కాగు పొయ్యి మీద ఉంటోంది. ఈ ఎండల్లో వేణ్ణీళ్ళెవరికి?

మూడు: శకుంతల నన్ను చూసి, "బాగా చేశావు," అంది. ఎవరు నేర్పారే అంటే నవ్వి తల వంచుకుంది.

నాకు తెలియకుండా నా ఇంట్లో ఏదో జరుగుతోంది. అడగను. చూస్తూ ఉంటాను.

మే 9

తలుపు గడియ పెట్టి రాస్తున్నాను.

పొద్దున దుర్గకి బద్దలు కట్టి మొదటిసారి నిలబెట్టారు. రమణమ్మ ఒక చంక కింద, మిస్ ఇంగర్ ఒక చంక కింద. మధ్యలో ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నేలవంక చూస్తోంది. మిస్ ఇంగర్ అంతకుముందే తన నోటుబుక్కు నా చేతికిచ్చి పట్టుకోమంది. తెరిచాను. తప్పేముంది? దుబాసీ అన్నాక అన్నీ తెలుసుకోవాలి.

నాలుగో పేజీలో పటం ఉంది. తోటలు, కాలిబాటలు, గుడిసెలు, బ్లాకు ఆఫీసు, స్కూలు, ఊరు, వీధులు. కొన్ని గుడిసెల చుట్టూ ఎర్రపెన్సిలుతో సున్నాలు. దుర్గ గుడిసె చుట్టూ ఒకటి. తోటల్లో మొత్తం పదకొండు. ఊళ్ళో ఒకే ఒకటి.

మా వీధి. కరణంగారి ఇంటి తర్వాత మూడోది. మా ఇల్లు.

ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తెలియదు కదా. కిటికీలోంచి చూసిందా? వీధిలో సైకిలు తొక్కుతూ తల తిప్పి మా కిటికీవంక చూడ్డం నేను రెండుసార్లు గమనించాను. కూలీల పిల్లల జాబితాలో నా కూతురా?

బుక్కు తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడ నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. 'ఆర్ యూ సిక్' అని శుభ్రంగా, తప్పులేకుండా అడిగింది.

మే 10

పటం అంటే పటమే. శత్రువు సరిహద్దులో ఉండగా, పరాయిదేశం మనిషి ఊళ్ళు, దారులు, ఆఫీసులు గీసుకుని రహస్యపు గుర్తులు పెట్టుకుంటుంటే చదువుకున్నవాడు చూస్తూ ఊరుకోవడం ద్రోహం. మా ఇంటి సంగతికీ దీనికీ సంబంధం లేదు. మా ఇల్లు అందులో లేకపోయినా నేను ఇదే పని చేసి ఉండేవాణ్ణి.

జిల్లా కలెక్టరుగారికి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమచేత్తో రాశాను. కావాలని కొన్ని తప్పులు కూడా పెట్టాను. ఇరవయ్యేళ్ళుగా దిద్దుతున్న తప్పులన్నీ పనికొచ్చాయి. 'విదేశీ స్త్రీ దుర్బుద్ధితో ఇంటింటికి పటములు గీయుచున్నది' అని మొదలుపెట్టి, 'ఇట్లు, ఒక దేశభక్తుడు' అని ముగించాను. నేనే సైకిలు మీద హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి అక్కడి డబ్బాలో వేశాను. పేరులేని ఉత్తరం సొంత ఊళ్ళో ఎవడూ వెయ్యడు.

మే 11

మా ఇల్లు అందులో లేకపోయినా రాసి ఉండేవాణ్ణి.

మే 16

ఇవాళ మిస్ ఇంగర్ తోటలోకి వస్తూనే సైకిలు కింద పడేసి నా రెండు చేతులూ పట్టుకుంది. తల్లులందరూ చూశారు. మద్రాసు నుంచి ఒక పెద్ద డాక్టరు వస్తాడట. వంగిపోయిన మోకాళ్ళని కోసి సరిచేసేవాడు. జూన్ ఇరవైన మన జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకి ఉచితంగా చేస్తానన్నాడట. తర్వాత ఆరువారాలు పిల్లల దగ్గరుండి కాళ్ళకి వ్యాయామం చేయించే తెలిసిన మనిషి ఉంటేనే ఒప్పుకుంటాం అన్నారట ఆసుపత్రివాళ్ళు. నేనుంటాను అని ఈవిడ సంతకం పెట్టి ఇచ్చింది.

నేను తెలుగు చేస్తుంటే రమణమ్మ నడుమ నడుమ, "నిజమేనండీ? దుర్గ పేరుందండీ?" అంటూనే ఉంది. ఉంది. మొదటి పేరు అదే. అయిదు పేర్లు చదివింది. ఆరోది చదవలేదు.

ఆరోది ఎవరని అడిగాను.

"తండ్రి ఇంకా ఒప్పుకోలేదు," అంది. నా వంక చూడకుండా నేలవంక చూస్తూ అంది.

ఎవడో మూర్ఖుడు.

మే 17

ఆ ఉత్తరం ఈపాటికి ఏ చెత్తబుట్టలోనో పడి ఉంటుంది. రోజుకి ఇలాంటివి వంద వస్తాయిట. ఎవడు చదువుతాడు?

మే 21

ఇవాళా ఏమీ లేదు. అడుగుదామని కాదుగాని, పోస్టాఫీసు ముందు నుంచి వెళ్తే పోస్టుమాస్టరు దశరథరామయ్య పలకరించాడు. ఎప్పుడూ పలకరించడు. ఎందుకు పలకరించాడు?

మే 27

బి.డి.ఓ.గారు రేపు రమ్మన్నారు. దొరసానిని, ఆవిడ నోటుబుక్కునీ తీసుకురమ్మన్నారు.

మే 28

జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్కచోటైనా నిజం రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

నారాయణరావుగారి పక్కన బందరు నుంచి వచ్చిన ఒక అధికారి కూర్చున్నాడు. బల్ల మీద నా ఉత్తరం. "ఎవడో చదువురాని వెధవ రాశాడు, చూడండి ఈ తప్పులు," అన్నారు నారాయణరావుగారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అయినా ఎమర్జెన్సీ రోజులు, విచారణ చెయ్యక తప్పదు. ఆవిడ ఇంగ్లీషు మాకు పట్టుబడదు. మీకు అలవాటే కదా. ఇది ఆవిడకి చదివి చెప్పి, జవాబులు మాకు చెప్పండి."

నా ఉత్తరాన్ని నేనే ఇంగ్లీషు చేశాను. దుర్బుద్ధి దగ్గర ఆగాను. వీలైనంత మెత్తటి మాట వెతికి వేశాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని బళ్ళో పిల్లలా వింది. కోపం లేదు. అయిపోయాక, "రాసినవాడు చాలా భయపడ్డాడు," అంది. అది నేను తెలుగు చెయ్యలేదు.

పటం తీయించారు. సున్నాలేమిటని అడిగారు.

"సున్నా ఉన్న చోట నడవలేని బిడ్డ ఉంది," అంది.

అధికారి ఒక్కొక్క సున్నా మీద వేలు పెట్టి అడిగాడు. పేర్లు చెప్పుకుంటూ పోయింది. దుర్గ, పెద్దిరాజు, ఇంకెవరెవరో. బి.డి.ఓ.గారు తన దగ్గరున్న జాబితాతో సరిచూశారు. పదకొండూ సరిపోయాయి. మిగిలింది ఊళ్ళోది.

"ఇది బ్రాహ్మణవీధి కదా. ఇక్కడ కూలీలు లేరే. ఇది ఎవరిల్లు?" అన్నాడు అధికారి.

నేను ఇంగ్లీషు చేశాను. ఆవిడ పటంవంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నారాయణరావుగారు దగ్గారు.

"తప్పు వేశాను," అంది. "ఆ ఇంట్లో ఎవరూ లేరు."

"పదకొండు సరిగ్గా వేసిన మనిషి ఒక్కటి తప్పెలా వేసింది? అదీ ఆఫీసుకి నాలుగడుగుల దూరంలో?" అన్నాడు అధికారి. "అడగండి."

అడిగాను. "తెలీదు. తప్పు వేశాను," అని మళ్ళీ అంది. ఇంకోసారి అడిగించారు. మళ్ళీ అదే.

ఆ ఇల్లు నాదండీ, ఆ పిల్ల నా కూతురండీ అంటే అయిపోయేది. తెలుగులో నాలుగు ముక్కలు. ఇంగ్లీషు కూడా చెయ్యక్కర్లేదు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "తప్పు వేశానంటోందండీ," అని.

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

జూన్ 3

ఉత్తర్వు వచ్చింది. సంతృప్తికరమైన సమాధానం ఇవ్వలేకపోయినందున వారంలోగా జిల్లా విడిచి వెళ్ళాలి. ఆసుపత్రివాళ్ళకి కూడా నకలు వెళ్ళింది. దగ్గరుండే మనిషి లేదు గనక ఆపరేషన్లు లేవు.

తోటకి వెళ్ళి ఇది కూడా నేనే తెలుగు చెయ్యాల్సొచ్చింది.

జూన్ 8

వెళ్ళిపోయింది. బస్సు దాకా తల్లులందరూ వచ్చారు. నాలుగురోజులు పొద్దస్తమానం వాళ్ళకి వ్యాయామాలు నేర్పింది. ఎవరి చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పట్టి ఉంచాలో. అందరిలోకీ రమణమ్మ చెయ్యి మంచిదని, అనుమానం వస్తే ఆమెని అడగమని చెప్పింది. నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి బస్సెక్కేసిందని చెబితే సౌభాగ్యం ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె అలా ఏడవడం చూడలేదు, శకుంతలకి జ్వరం వచ్చిన రోజుల్లో తప్ప.

"ఆరోపేరు మన పిల్లదండీ," అంది. "నేనే చెప్పాను. మీరు బెజవాడ వెళ్ళినప్పుడు బండి కట్టించుకుని రోజూ తోటకి తీసికెళ్ళాను. కంబళి నేనే కోశాను. వేణ్ణీళ్ళలో ముంచి కాలికి చుడితే కండ మెత్తబడుతుందని ఆవిడ నేర్పింది. ఆపరేషను తేదీ తేలాక మీ కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. ఎప్పటికప్పుడు రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ…"

అయితే నాకు తెలుసా, తెలియదా? మే పదహారున ఆవిడ నేలవంక చూసినప్పుడు నాకు తెలుసు. తొమ్మిదినే తెలుసు. ఇప్పుడు తెలిసినట్టు మొహం పెట్టడానికి ప్రయత్నించాను. సౌభాగ్యం నా మొహం చూడలేదు. చూసిందేమో. ఆ ఉత్తరం ఎవరు రాశారో అని ఒక్కమాట కూడా అనలేదు. ఊరంతా ఆ మాటే అనుకుంటుంటే ఈమె ఒక్కతే ఎందుకు అనదు?

జూన్ 14

కాయ కోతలు అయిపోయాయి. తోటల్లోంచి కాపలావాళ్ళు పల్లెలోకి వచ్చేశారు. సౌభాగ్యం నన్ను అడక్కుండానే రమణమ్మని పిలిపించింది. రోజూ సాయంత్రం వచ్చి శకుంతల కాలికి వ్యాయామం చేయిస్తుంది. ముందుగదిలో, చాపమీద. తలుపులు బార్లా తీసే ఉంటాయి. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను.

వేడిగుడ్డ చుట్టి, తీసి, కాలు ఒళ్ళో పెట్టుకుని మోకాలు మెల్లగా తిన్నగా లాగుతుంది. పది అంకెలు పట్టి ఉంచుతుంది. అలా ముప్పై సార్లు. చేస్తున్నంతసేపూ ఆ ఉత్తరం రాసినవాణ్ణి తిడుతుంది.

"నా పిల్లకి కాలు తిన్నగా చేపిస్తానందండి ఆ మారాజు తల్లి. పేరు కూడా రాసిందండి. ఆ కాయితం రాసినోడి చెయ్యి పడిపోను. ఆడి కడుపున పుట్టినోళ్ళు…" అని శకుంతలవంక చూసి, పసిపిల్ల ముందు అనకూడదని ఆగింది. "ఆడికి పిల్లలున్నారో లేదోలే. ఉంటే రాస్తాడా?"

నేను పేపరు చదువుతున్నాను.

జూన్ 15

రేపు చెబుతాను.

జూన్ 16

సౌభాగ్యం ఇంట్లోనే ఉంది. ఆమె ముందు వద్దు. రేపు.

జూన్ 18

ముందు బి.డి.ఓ.గారికి చెప్పడం పద్ధతి. ఆయన కలమే ఆ ఉత్తర్వుని మార్చగలదు. ఆఫీసుకి వెళ్ళాను. ఏం పనిమీద వచ్చారన్నారు. స్కూలు రేకుల కప్పు గురించి అడిగి వచ్చాను. నన్ను అదోలా చూశారు. ఆయనకి తెలుసేమో.

జూన్ 20

ఇవాళే ఆ డాక్టరు రావలసిన రోజు. రమణమ్మ రాలేదేమో అనుకున్నాను. వచ్చింది. ఇవాళ తిట్టలేదు. ముప్పై లెక్కపెట్టి, శకుంతల నెత్తిమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. తిడితేనే బాగుండేది.

జూన్ 23

దుర్గ బద్దలు కట్టుకుని, కర్ర పట్టుకుని తల్లితోబాటు వచ్చింది. వంగిన మోకాలితో ఒకపక్కకి ఒరిగి నడుస్తుంది. ఆపరేషను అయి ఉంటే ఒరిగేది కాదుట. వచ్చే ఏడు మళ్ళీ మంచె ఎక్కుతావా అని శకుంతల అడిగితే, "ఎక్కను. దిగడం వచ్చేసిందిగా," అంది.

బసవపున్నారావు వచ్చే ఏటికి వేరే కుటుంబాన్ని చూసుకున్నాట్ట. ఇది చెప్పి నవ్వుతూ భుజం తట్టాడు. అతనికి తెలుసు. అతనొక్కడికే నాతో స్నేహం ఎక్కువైంది.

జూన్ 24

రేపు.

జూన్ 29

చెప్పాను.

రమణమ్మ ఇరవయ్యోసారి పట్టి వదిలింది. మళ్ళీ మొదలుపెట్టింది ఆ దొంగసచ్చినోడు అని. నేను పేపరు కింద పెట్టి, "ఆ ఉత్తరం రాసింది నేనే రమణమ్మా," అన్నాను.

చేతులు ఆగిపోయాయి. శకుంతల కాలిని ఒళ్ళోంచి తీసి చాపమీద పెట్టింది. మెల్లగానే పెట్టింది. అది నేను చూశాను.

"ఎందుకండీ?" అంది.

దేశం, ఎమర్జెన్సీ, పటం. నెలన్నరగా సిద్ధం చేసుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు. "మా పిల్ల సంగతి ఊళ్ళో తెలిసిపోతుందని," అన్నాను.

నా వంక చూసింది. కోపం కోసం చూశాను. కనబడింది జాలి. కోపం కంటే అదే అన్యాయంగా ఉంది.

"మీ పిల్ల సంగతి ఈ ఊళ్ళో తెలవందెవరికండీ? కిటికీకాడ పాపంటారు అందరూ. ఆ దారిన పోయే ఆడోళ్ళం ఎవరమూ చెయ్యూపకుండా పోం. మీరు బాధపడతారని మీ ముందు అనం, అంతే."

లేచి అరుగు మీదికి వెళ్ళిపోయింది. అటు తిరిగి, స్తంభం పట్టుకుని నిలబడింది. మెట్టు దిగుతుందనుకున్నాను. దిగలేదు, లోపలికీ రాలేదు. వంటింటి గుమ్మంలో సౌభాగ్యం తడిగుడ్డతో నిలబడి ఉంది. అంతా వింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"నాన్నా, ఇంకా పది ఉన్నాయి," అంది శకుంతల.

నేనే వెళ్ళి చాపమీద కూర్చున్నాను. కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. జ్వరం వచ్చిన ఏడు నుంచి ఆ కాలు నేను ముట్టుకోలేదు. ఇది ఎక్కడా రాసుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నేననుకున్న దానికంటే సన్నగా ఉంది. వేడిగా ఉంది. మోకాలి మీద అరచెయ్యి పెట్టి అదిమాను. "అబ్బా," అంది పిల్ల.

"అట్టా కాదు," అంది రమణమ్మ అరుగు మీంచి. ఇటు తిరగలేదు. "మోకాలు నొక్కమాకండి. మడమ పట్టుకోవాల."

మడమ పట్టుకున్నాను.

"ఇరవై ఒకటి," అంది శకుంతల.